అక్క నన్ను ఎత్తుకెళ్ళిన రోజు

మా వీధిలో ఆయన్ని పళ్ళాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని కిలో ఎంతని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన చేసేది కట్టుడు పళ్ళు. డాక్టర్లు రోగి నోటి ముద్ర తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ అచ్చు తీసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టేది ఆయనే. ఈ చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగం మంది నవ్వేది ఆయన చలవ వల్లే. కానీ వాళ్ళలో ఒక్కరికీ ఆయన ముఖం తెలియదు. పేరంతా డాక్టరుకే పోతుంది.

కింద పనిగది, పైన రెండు గదుల ఇల్లు. పనిగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం చెక్కే సన్నటి కత్తులు, గోడ పొడవునా అలమరలో తెల్లటి ప్లాస్టర్ దవడలు. తలుపు తీయగానే అవన్నీ ఒక్కసారిగా మనల్ని చూసి ఇకిలిస్తాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఒళ్ళు మండింది, నన్ను చూస్తే అంత నవ్వెందుకొస్తోందా అని.

పై ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన అక్కా. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అక్కగారు పెళ్ళే చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఈయనకు నాలుగేళ్ళు, ఆవిడకు పదిహేడు. తండ్రి ఉన్నా లేనట్టే. ఆవిడే ఒక లాండ్రీలో బట్టలుతికే పనికి కుదిరి తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది. ఇప్పుడు ఆవిడకు మరుపు మొదలైంది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతుంది, చెప్పిన సంగతే మళ్ళీ కొత్తగా చెబుతుంది. తమ్ముడు తిన్నాడా లేదా అన్న చింత మాత్రం మరవదు. తిన్నానని చెప్పినా నమ్మక మళ్ళీ వడ్డిస్తుంది. ఆ మధ్య ఆయన కాస్త ఒళ్ళు చేశాడంటే కారణం అదే.

ఇక నా సంగతి. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు వెనకగదిలో దర్జీ, బస్సు డ్రైవరు, పళ్ళాయన, ఇలా కొంతమందిమి చేరి, రాసుకున్నవి వింటాం. ఎవరిది వాళ్ళు చదవకూడదన్నది మా రివాజు. కాగితాలు బల్ల మీద బోర్లిస్తే ఇంకొకరు తీసి చదువుతారు. రాసినవాళ్ళు కిక్కురుమనకుండా కూర్చుని, తమ మాటల్ని పరాయి గొంతులో వినాలి. గొంతు సాయం లేకుండా మాట తన కాళ్ళ మీద తను నిలబడుతుందా లేదా అన్నది అప్పుడు తేలిపోతుంది. చాలావరకు నేనే చదువుతాను. నా గొంతు బాగుంటుందని కాదు, నాతో పెట్టుకునే ఓపిక ఎవరికీ లేక.

నాలుగు మాటలు చెబితే పేజీలకు పేజీలు రాసిచ్చే యంత్రాలు ఫోన్లలోకి వచ్చాక ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. బాగున్నా బాగోకపోయినా ఎవరిది వాళ్ళే రాయాలి. ఒక ఆదివారం దర్జీ ఒక కాగితం తెచ్చాడు. సగం చదివేసరికే నాకు తెలిసిపోయింది. మనిషి నలభై ఏళ్ళుగా సూది పట్టుకుంటున్నాడు, కాగితంలో ఎక్కడా ఒక్క సూది గుచ్చుకోలేదు, అంతా జీవితం నేర్పిన పాఠాలే. "ఇది రెడీమేడ్ చొక్కా, దర్జీగారూ. మీరు కుట్టింది పట్టుకురండి," అన్నాను. అందరూ నవ్వారు. పళ్ళాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. యంత్రం రాతను ఇట్టే పసిగట్టేస్తానని ఆ రోజు నుంచి నాకు నేనే కితాబు ఇచ్చుకుంటూ తిరిగాను.

పళ్ళాయన తనంత తాను రాసినవి చప్పగా ఉండేవి. పొద్దున్నే లేచాను, ప్లాస్టర్ కలిపాను, అచ్చు గట్టిపడింది, ఇదీ వరస. చదవడం అయిపోయాక గదిలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఒకసారి బస్సు డ్రైవరు మాత్రం జాలిపడి, "అచ్చు గట్టిపడటం మంచిదేగా," అన్నాడు. అలాంటి ఓదార్పు కంటే చెంపదెబ్బ నయం. పళ్ళాయన ఆ కాగితాన్ని మడిచి మడిచి గోరంత చేసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకూ ఒక్కసారి ఆ గదిలో భేష్ అనిపించుకోవాలని ఉంటుందని నాకు తోచలేదు.

అలాంటి రోజుల్లో నేను, మిమ్మల్ని పెంచిన మనిషి గురించి రాయండి అన్నాను. తర్వాతి ఆదివారం పళ్ళాయన అక్కను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ తల నున్నగా దువ్వుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది.

ఆయన కాగితం నా చేతికి వచ్చింది. అందులో ఒక వానరోజు. నాలుగేళ్ళ పిల్లాడికి జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అక్క తన దుప్పటి తీసి వాడికి చుట్టి, వీపు మీద వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో ఆసుపత్రికి నడిచింది. దారిలో ఆవిడ చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. అయినా ఆగలేదు. ఆవిడ గుండె చప్పుడు వింటూ పిల్లాడు నిద్రపోయాడు. ఇంతే. అక్కడక్కడా ఒక మాట కొట్టేసి మళ్ళీ రాశాడు. ఒక వాక్యం సగంలో ఆగిపోయింది. ఒక అక్షరం తప్పు పడింది. అవన్నీ చూసి, మనిషి రాస్తూ రాస్తూ తడబడ్డాడు పాపం అనుకున్నాను. చివరి వాక్యాన్ని ఎవరూ అడగకుండానే ఇంకోసారి చదివాను. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. దర్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు అక్కగారు తమ్ముడి వైపు తిరిగింది.

"ఎత్తుకెళ్ళానా?"

"ఏంటక్కా?"

"ఆ రోజు నిన్ను ఎత్తుకెళ్ళానా? గదికి తాళం వేసి పనికి పోయాననుకుంటున్నానురా నేను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నా."

పళ్ళాయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

"నాకు మరుపు. నువ్వు రాశావంటే నీకు గుర్తుండే ఉంటుంది," అని కుర్చీలో వెనక్కి జారబడింది. "పోనీలే. ఎత్తుకెళ్ళానన్నమాట."

ఆ ముఖంలో కనిపించిన నెమ్మది నాకు బాగా గుర్తు. మేమంతా దాన్ని చూసి ముచ్చటపడ్డాం. పళ్ళాయన మాత్రం, పని ఉందని చెప్పి అక్కను తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. మెచ్చుకుంటే మొహమాటపడే మనిషి కాబోలు అనుకున్నాం.

ఈలోగా అక్కగారు ఆ సంగతి వీధంతా చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు రొట్టెల దుకాణంలో నాకు ఎదురుపడింది. "మా వాడికి జ్వరమొస్తే వానలో వీపున వేసుకుని తీసుకెళ్ళా అమ్మాయ్. చెప్పు కూడా పోయింది," అంది. ఆ కథ చదివినదాన్ని నేనేనన్న సంగతి ఆవిడకు గుర్తులేదు. దుకాణంవాడు అప్పటికే చాలాసార్లు విన్నట్టున్నాడు, రొట్టె పొట్లం కడుతూ తల ఊపుతున్నాడు. నాకు ఎంతో సంతోషమేసి, ఆ సంతోషం పంచుకుందామని తిన్నగా పనిగదికి వెళ్ళాను.

నేను చెప్పింది విని ఆయన చేతిలో కత్తి బల్ల మీద పెట్టేశాడు. "కూర్చోండి మేడమ్," అన్నాడు. తల ఎత్తలేదు. "అది నేను రాసింది కాదు."

నాకు అర్థం కాలేదు.

"అక్క గురించి రాద్దామని కూర్చున్నా. ఎటునుంచి మొదలెట్టినా ఆ తాళం దగ్గరికే పోతోంది. అది రాయడం ఇష్టం లేకపోయింది. ఫోను తీసి అక్క, జ్వరం, వాన అని చెప్పా. మిగతాదంతా అదే అల్లేసింది."

"మరి ఆ కొట్టివేతలు?"

ఆయన బల్ల మీదున్న పళ్ళ సెట్టు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "చూడండి, ఈ ముందు పన్ను కాస్త వంకరగా పెట్టా. దీని అంచు అరగదీశా. అన్నీ ఒకే వరసలో, ఒకే తెలుపులో ఉంటే కట్టుడు పళ్ళని ఎవరైనా పట్టేస్తారు. ఎక్కడో ఒకచోట తేడా పెడితేనే పుట్టుకతో వచ్చినట్టుంటాయి. ఫోను రాసింది చదివితే మరీ నున్నగా అనిపించింది. అందుకని ఒక అక్షరం తప్పు రాశా. ఒక వాక్యం విరిచేశా."

"చెప్పు కొట్టుకుపోవడం?"

"అది మాత్రం నేనే పెట్టా మేడమ్," అన్నాడు. మొత్తం కాగితంలో ఆయన సొంతంగా రాసిన ఒక్క ముక్కా అదే, అదీ అబద్ధమే.

నాకు చెడ్డ కోపం వచ్చింది. దాచుకోవడమెందుకు, ముందు వచ్చిన కోపం నా గొప్ప దెబ్బతిన్నందుకే. దర్జీని నలుగురిలో నవ్వులపాలు చేసినదాన్ని, ఈయన వంకర పన్నుకు ఎలా మోసపోయానా అని. నోటికొచ్చినట్టు దులిపేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మీ అక్కగారిని ఎదురుగా కూర్చోబెట్టి ఇదేం పని అన్నాను. తిట్టి తిట్టి అలిసిపోయి, అసలు ఏం జరిగిందో చెప్పమన్నాను.

జ్వరం నిజమే. వాన అబద్ధం. ఎండ కాస్తోంది. అప్పటికే ఆవిడ పని మానేసిన రోజులు ఎక్కువయ్యాయి, ఇంకొక్క రోజు మానితే మళ్ళీ రానక్కర్లేదని లాండ్రీ యజమాని చెప్పేశాడు. పిల్లాడి పక్కన గ్లాసుతో నీళ్ళు, ఒక రొట్టెముక్క పెట్టి, బయట తాళం వేసి వెళ్ళింది. పిల్లాడు తలుపు బాది బాది గొంతు పోయేలా ఏడ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ పరుగెత్తుకొచ్చి తలుపు తీసి ఎత్తుకోబోతే, చెయ్యి పట్టుకుని కరిచాడు. రక్తం వచ్చేలా.

"ఆ తర్వాత కూడా కరుస్తూనే ఉన్నా మేడమ్," అన్నాడు. "పెద్దయ్యాక రెండుమూడు సార్లు ఆవిడే ఎత్తింది ఆ మాట. 'అప్పుడు నేను...' అని మొదలెట్టేది. ఇప్పుడెందుకులే అని లేచి వెళ్ళిపోయేవాణ్ణి."

"ఇప్పటికీ కోపముందా?"

"చిన్నప్పుడు ఉండేది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. పోయిందని ఆవిడకి చెప్పలేదు, అంతే." కత్తిని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "అక్క ఇన్నేళ్ళూ ఆ తాళం మోస్తూ ఉందని ఆ ఆదివారం దాకా నాకు తెలీదు. నేను ఒక్క మాట అంటే దించుకునేది. నేననలేదు. ఫోను చెప్పిన అబద్ధానికి దించుకుంది. సిగ్గుతో చచ్చిపోతున్నా."

అప్పుడు నా కోపం చల్లబడింది. ఆయన సిగ్గు ముందు, యంత్రం రాతను పసిగట్టే నా ముక్కు సంగతి ఎంత? "అయితే మీ చేత్తో మీరు రాయండి. జరిగింది జరిగినట్టు. ఆవిడకు చదివి వినిపించండి," అన్నాను. అనడం తేలికే.

ఆ మర్నాటి నుంచి ఆయన రాయడం మొదలుపెట్టాడు. పొద్దున ప్లాస్టర్ కలపడానికి ముందు, చేతులు శుభ్రంగా ఉండగానే, ఒక పేజీ. ఫోను పై ఇంట్లో అక్క దిండు కింద పెట్టి వచ్చేవాడు. రాసింది నాకు చూపించేవాడు. మొదట్లో ఘోరంగా ఉండేవి. కలం ఆయనది, మాటలు ఫోనువి. జోలపాట వచ్చేది, గుండె చప్పుడు వచ్చేది. ఉద్యోగం పోయినవాడు పాత ఆఫీసు మెట్లెక్కినట్టు ఆ మాటలన్నీ అలవాటుగా వచ్చి కూర్చునేవి. "మీ అక్కగారు జోలపాట పాడేవారా?" అని అడిగితే, "లేదు, తిట్టేది," అనేవాడు. "అయితే తిట్టు రాయండి," అనేదాన్ని.

మెల్లగా తిట్లు వచ్చాయి. సోడా నీళ్ళలో నాని ముడతలు పడ్డ ఆవిడ వేళ్ళు వచ్చాయి. లాండ్రీలో ఉతికిన దుప్పట్ల బుట్టలో ఆయన్ని పడుకోబెట్టి, యజమాని వస్తే పైన ఇంకో దుప్పటి కప్పేసిన సంగతి వచ్చింది. కొన్ని రోజులు ఒక్క వాక్యమే రాసేవాడు. ఏమీ రాకపోతే ఏమీ రాలేదని రాసి కింద సంతకం చేసేవాడు. దాన్ని మాత్రం నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

ఒకరోజు ఆయనే గ్రంథాలయానికి వచ్చాడు, చేతులకంటిన ప్లాస్టర్ కూడా కడుక్కోకుండా. "మేడమ్, తలుపు కింద సందు ఉండేది," అన్నాడు. "తాళం పడ్డాక నేను నేల మీద పడుకుని ఆ సందులోంచి చూశా. అక్క పాదాలు కనిపించాయి. వెంటనే పోలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాయి. మెట్లు దిగిన చప్పుడైంది, మళ్ళీ వచ్చాయి. మళ్ళీ నిలబడ్డాయి. అప్పుడు వెళ్ళింది." ఇన్నేళ్ళూ ఆ పాదాలు ఆయనకు గుర్తు రాలేదట. రాస్తూ ఉంటే వచ్చాయట. నా బల్ల ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. చూస్తే చూశారు.

"అయిపోయింది. ఇక వెళ్ళి వినిపించండి," అన్నాను.

"ఇంకా ఫినిషింగ్ రాలేదు మేడమ్."

ఇక అక్కడ పట్టుకుంది ఆయనకు జబ్బు. ఒక మాట మార్చేవాడు, మళ్ళీ పాతదే పెట్టేవాడు. శుభ్రంగా ఎత్తి రాసేవాడు, మళ్ళీ కొట్టేసేవాడు. "ఇదేమన్నా పళ్ళ సెట్టా, పాలిష్ పట్టడానికి? మీకోసం ఆవిడ జ్ఞాపకం ఆగుతుందా?" అని నేను అరిచేదాన్ని. ఆయన తలవంచుకుని వినేవాడు. పాలిష్ ఒక సాకు. ఇది చదవాలంటే ముందు ఆ వాన కథ అబద్ధమని చెప్పాలి. వీధిలో తలెత్తుకుని ఆ కథ చెప్పుకుంటున్న మనిషి చేతిలోంచి దాన్ని లాక్కోవాలి. ఆయనకు ఆ ధైర్యం లేదు. ఆదివారాలు వచ్చిపోతూ ఉన్నాయి. రొట్టెల దుకాణంలో అక్కగారు చెప్పే వాన పెరుగుతూ పోయింది. మోకాలి లోతు నీళ్ళు నడుం దాకా వచ్చాయి, ఆ తర్వాత పీకల దాకా.

ఆఖరికి ఒక ఆదివారం అక్కను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ చిక్కిపోయింది. నన్ను చూసి ఎవరన్నట్టు నవ్వింది. కాగితం బల్ల మీద బోర్లించలేదు ఆయన. "ఇవాళ నేనే చదువుతా మేడమ్," అన్నాడు. రివాజు సంగతి ఎవరూ ఎత్తలేదు.

బాగా చదవలేదు. రెండుచోట్ల వరస తప్పాడు. కానీ ఆ గదిలో అంత మంచి రాత నేను వినలేదు. నా నోటితో ఇంతవరకు ఎవరినీ అలా మెచ్చుకోలేదు. యజమాని మాట, గ్లాసులో నీళ్ళు, తాళం పడ్డ చప్పుడు, సందులో పాదాలు, మెట్ల మీద చప్పుడు, మళ్ళీ పాదాలు, చేతి మీద పిల్లాడి పళ్ళు. అక్కగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని శ్రద్ధగా విన్నది. ఆయన చదవడం ఆపి ఆవిడ వైపు చూశాడు.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది ఆవిడ.

ఆయన కాగితం మడిచాడు. "నువ్వే అక్కా," అన్నాడు.

"నేనా?" ఆవిడ నవ్వింది. "నేను ఎత్తుకెళ్ళాను కదరా. నువ్వే రాశావు. పీకల్లోతు నీళ్ళు." మా అందరి వైపూ చూసింది, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను కిటికీ వైపు తిరిగాను. "జ్వరమొచ్చిన పసివాణ్ణి లోపల పెట్టి తాళం వేస్తుందా ఎవరైనా? అదేం మనిషి?"

"అలా అనకక్కా." ఆయన కుర్చీ జరుపుకుని ఆవిడ మోకాళ్ళ దగ్గరగా కూర్చున్నాడు. "మంచి పిల్ల అక్కా. పదిహేడేళ్ళది. పని పోతే ఇద్దరికీ తిండి లేదు. ఏం చేస్తుంది చెప్పు. వెళ్ళలేక వెళ్ళింది. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. ఎప్పుడో పోయింది."

ఆవిడ ఆలోచించింది.

"నీకే లేకపోతే నాకెందుకు," అంది. తర్వాత అడిగింది, "ఆ మాట ఆ పిల్లకి చెప్పావా?"

"లేదక్కా."

"మరి ఇంత రాసి ఏం లాభంరా? వెళ్ళి చెప్పాలి గానీ. పాపం, అదే మనసులో పెట్టుకుని కుమిలిపోతూ ఉంటుంది."

"చెబుతానక్కా," అన్నాడు పళ్ళాయన, ఆవిడ ముఖంలోకి చూడలేక.